ఏడో ట్యాంకులో ఒకటిన్నర సెంటీమీటర్లు

ట్యునీషియాలో స్ఫాక్స్ ఊరి పొలిమేరలోని ఆ ఆలివ్ నూనె మిల్లులో ఏడో ట్యాంకు మంచిది కాదు. ఎవరినడిగినా ఇదే మాట. పదకొండేళ్ల కిందట ఖమీస్ అనే కూలీ అందులో పడి చనిపోయాడు. నీళ్లలోనైతే మనిషి కాసేపన్నా తేలతాడు, నూనెలో రాయిలా దిగిపోతాడు. ఆ రాత్రి మీటర్ గదిలో అంకె కదిలిందట... మేస్త్రీ బషీర్ చూశాడట కూడా. మీటర్ తిక్కలే అనుకుని లేవలేదు.

అప్పట్నుంచీ రాత్రి రెండయ్యేసరికి, చుక్క నూనె పోయకుండానే, ట్యాంకులో మట్టం ఒకటిన్నర సెంటీమీటర్లు లేచేది. సరిగ్గా ఒక మనిషి మునిగినంత. "ఖమీస్ వచ్చాడు" అనుకుని గదిలోవాళ్లు టీ తాగేవాళ్లు. తెల్లారేసరికి అంకె దిగిపోయేది. వెళ్లి చూడకపోవడమే అక్కడ ఆచారమైపోయింది.

మీటర్లు బిగించే హసూనాకు ఈ కథ వింటే ఒళ్లు మండేది. మూత కింద ఉన్న పాత సెన్సార్ శబ్దం పంపి, అది తిరిగొచ్చే వేళను బట్టి లోతు చెప్పే రకం. రాత్రి ఆఖరి వాయి నూనె నురగ కడితే, శబ్దం ఆ నురగకే తగిలి వెనక్కొస్తుంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. చవకగా వస్తుంది, తేలే బంతి పెట్టమన్నాడు యజమాని. మడ్డి పట్టి బంతి ఇరుక్కుంటే దిక్కెవరని పోట్లాడి, హసూనా వేరేది తెప్పించాడు. అది అడుగున కూర్చుని తన మీదున్న నూనె బరువు తూచి మట్టం చెబుతుంది. నురగతో దానికి పనిలేదు.

దాన్ని బిగించిన రాత్రే కాపలా అతని తమ్ముడు లమీన్‌ది. వాళ్లమ్మకు ఉన్నది ఈ ఇద్దరే.

హసూనా, బషీర్ మీటర్ గదిలో కూర్చున్నారు. వాల్వులన్నీ అర్ధరాత్రే మూసేశారు. అంకె 302 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయి ఉంది.

రెండు దాటింది... అంకె కదిలింది.

305.

"వచ్చాడు," అన్నాడు బషీర్ గొంతు తగ్గించి. "నీ కొత్త మీటర్‌నీ వదల్లేదు చూశావా. కూర్చో."

హసూనా కూర్చోలేదు. పాతదైతే నురగ అని సరిపెట్టుకునేవాడు. ఇది తను ఏరికోరి తెచ్చింది, నురగను చూడనే చూడదు. అంటే నిజంగానే నూనెలో ఏదో పడింది.

"బాబాయ్... మా లమీన్ ఎక్కడ?"

బషీర్ అప్పుడు చెప్పాడు. సాయంత్రం తను కొత్త మీటర్‌ని వెక్కిరించాడట. లమీన్ ఉడుక్కుని, మా అన్న మీటర్ తప్పో ఒప్పో రెండింటికి నేనే తేలుస్తానని కొలకర్ర తీసుకుని పోయాడట.

హసూనా పరిగెత్తాడు. ట్యాంకు మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. పైన మూత తెరిచి ఉంది. పక్కనే కొలకర్ర. లోపలికి లైటు వేశాడు —

రెండు మీటర్ల కింద, నూనె మీద, గడ్డం దాకా తమ్ముడి ముఖం. చేతులు కొట్టుకోవడం లేదు. మూడు మీటర్ల లోతు నూనెలో నేల మీద నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

తాడు వదిలాడు. లమీన్ నూనె చేతుల్లోంచి అది జారింది. మళ్లీ వదిలాడు, మళ్లీ జారింది. "యా రబ్బీ, నా ప్రాణం తీసుకో, వాణ్ణి వదిలెయ్" అని హసూనా ఏడుస్తూనే ఉన్నాడు. అమ్మ ముఖం ఎలా చూడాలన్నది తప్ప అతనికి ఇంకేమీ తోచలేదు. ఇంతలో బషీర్ రొప్పుతూ వల మోసుకొచ్చాడు — కాయలు రాల్చేటప్పుడు చెట్ల కింద పరిచే వల. లమీన్ దాని మడతల్లో చేతులు దూర్చి మెలేసుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు.

గదిలో కంబళి కప్పి పడుకోబెట్టారు. లమీన్ దగ్గుతున్నాడు, బతికాడు. హసూనా కళ్లు తుడుచుకుని తలెత్తితే ఎదురుగా మీటర్ కనబడింది.

303.5.

302 కావాలి. తమ్ముణ్ణి తీస్తే తగ్గింది ఒకటిన్నరే. అప్పుడు పెరిగింది మూడు. తను ఏరికోరి తెచ్చిన మీటర్ తప్పు చెబుతోందని నమ్మడానికి అతను శతవిధాలా ప్రయత్నించాడు.

లమీన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా... కింద నా కాళ్లకు భుజాలిచ్చి మోశాడే... ఆయన్ని కూడా తీశారా?"

బషీర్ టీ గ్లాసు పక్కకు జరిపి లేచాడు. ఆ అంకె చూసి అతను లేవడం పదకొండేళ్లలో అదే మొదలు. వల భుజాన వేసుకుని ఏడో ట్యాంకు వైపు నడిచాడు.