నాలుగో పేజీ

పోదనూరు జంక్షన్. పొద్దున ఏడుంబావు.

కృత్తిక మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది.

ముందు నరేన్ ఉరుకుతున్నాడు. చిన్నాన్న కొడుకు. ఆమె కెమెరామన్. వాడి చంకలో నల్ల బ్యాగు... అందులో హార్డ్ డిస్క్!

ఆ డిస్క్‌లో సౌందరం అవ్వ ఉంది. నూటపది గంటల అవ్వ. కథలు, తిట్లు, జోలపాటలు. అవ్వ పోయి నలభై రోజులు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఫోన్. భూపతి... కంపెనీ మనిషి. వాణ్ణి వదలొద్దంటున్నాడు. పోలీసుల్ని తీసుకుని తనూ వచ్చేస్తున్నాడట.

“దొంగ! పట్టుకోండి!”

తమ్ముణ్ణి దొంగ అని అరిచింది. అరుస్తూనే పరుగు పెంచింది.

ఎంత చిన్నగా మొదలైంది! అవ్వ చెప్పే ఇంటి తెలుగు కథల్ని బ్లాగులో రాసుకునేది. తమిళ లిపిలో. తరాలుగా తమిళ ఊళ్లోనే ఉన్న ఇల్లు, తెలుగు లిపి ఎవరికీ రాదు మరి. తర్వాత యూట్యూబ్, పాడ్‌కాస్ట్, ఇన్‌స్టా... అన్నిటిలో కథ చెప్పేది కృత్తికే. తను బతికుండగా తన గొంతు బయట పెట్టొద్దని అవ్వ ఒట్టు వేయించుకుంది.

మూడు లక్షల మంది చేరాక దిగాడు భూపతి. యాప్ పెడదాం, స్టూడియో కడదాం అన్నాడు. ఒప్పందం తెలుగులోనే రాయించి తెచ్చాడు. మీ భాషలోనే అమ్మా, అని మురిపించాడు.

తెలుగు ఛానల్ నడిపే మనిషి తెలుగు చదవడం రాదని ఏ మొహంతో చెబుతుంది? పేజీలు తిప్పింది. తలూపింది. సంతకం పెట్టింది.

ప్లాట్‌ఫాం చివర కంచె. నరేన్‌కి దారి లేదు!

కృత్తిక వాడి కాలరు పట్టుకుని చెంప పగలగొట్టింది. బ్యాగు లాక్కుంది.

వాడు తిరగబడలేదు. ఏడుస్తున్నాడు.

“ఎవరికి అమ్మితివిరా అవ్వని?”

“నేనా అక్కా? మూడు నెలలు ఫోన్‌లో తెలుగు అచ్చరాలు నేర్చితిని. రాత్రి ఆ ఒప్పందం అంతా చదివితిని. నేను చెప్తే నువ్వు నమ్మవు... నీకు భూపతే దేవుడు. అందుకే ఎత్తుకొస్తిని.”

జేబులోంచి కాగితం తీశాడు. నాలుగో పేజీ. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

అవ్వ పోయాక ఆమె గొంతు కంపెనీ సొంతం. అసలు రికార్డింగులన్నీ నలభయ్యో రోజుకల్లా అప్పగించాలి, అంటే ఈ రోజే. ఆ గొంతుతో మెషిన్ చేత ఏం పలికించినా, ఏం అమ్మించినా ఇంటివాళ్లు కాదనకూడదు.

కాగితం అడుగున కృత్తిక సంతకం.

అవ్వని అమ్మింది తనే!

వెనక బూట్ల చప్పుడు. ఇద్దరు పోలీసులు నరేన్ చేతులు వెనక్కి విరిచారు. భూపతి నవ్వుతూ చెయ్యి చాపాడు.

“మంచి పని చేశారమ్మా. ఇలా ఇవ్వండి.”

పక్క ట్రాక్ మీద హారన్... గూడ్స్. ఈ స్టేషన్లో ఆగదు.

ఆమె అటు చూడటం నరేన్ చూశాడు.

“ఒద్దక్కా... అది అవ్వ అక్కా...”

కృత్తిక బ్యాగుని ఒక్కసారి గుండెకు హత్తుకుంది.

విసిరేసింది!

బ్యాగు మీదుగా పెట్టె తర్వాత పెట్టె. భూపతి ఏదో అరుస్తున్నాడు. నరేన్ నేలమీద కూలబడ్డాడు.

కృత్తిక కళ్లు మూసుకుని అవ్వ గొంతు గుర్తు తెచ్చుకోబోయింది.

రాలేదు.