పిడుగు చదివిన అంకె

ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది పొయ్యి దగ్గర కాదు, వరండా గోడకున్న వాతావరణ పరికరం దగ్గర. గుండ్రటి గాజు, లోపల ఒక ముల్లు, చుట్టూ అంకెలు. గాలి ఒత్తిడి తగ్గితే ముల్లు కిందికి దిగుతుంది, అంటే వాన ముంచుకొస్తున్నట్టు. వాతావరణ కేంద్రంలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన పొద్దున్నే ఆరింటికి ఆ గాజుని వేలితో రెండుసార్లు తట్టేవాడు. ఏడేళ్ల మనవరాలు స్టూలెక్కి అంకె చదివేది. ఆయన దాన్ని పలక మీద రాసేవాడు. పలక మీద ఏముంటే ఆరోజుకి ఇంట్లో అదే చట్టం. బట్టలు మేడ మీద ఆరేయాలా, గదిలో ఆరేయాలా అన్నది కూడా అదే తేల్చేది. వీధిలో వాళ్లు ఆయన్ని గాలిమాస్టారు అనేవారు. మనవరాలిని ఆయన పిడుగు అనేవాడు. ఆ పేరుకి ఆ పిల్ల ఏనాడూ మచ్చ తేలేదు.

పిడుగు తల్లి నర్సు. భర్తతో విడిపోయి నాలుగేళ్లయింది. ఆమె డ్యూటీకి వెళ్లిపోతే పిల్లకి జడ వేయడం, అన్నం పెట్టడం, బడిలో దింపి తీసుకురావడం అన్నీ ఆమె తండ్రి గాలిమాస్టారే చూసుకునేవాడు. ఆయన లేకపోతే తన ఉద్యోగం వారం కూడా నిలవదని ఆమెకు తెలుసు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అనడానికైనా తీరిక ఉండాలి కదా.

ఎనిమిది నెలలు అడగ్గా అడగ్గా మూడు రోజులు సెలవు దొరికింది. పిడుగుకి మాట ఇచ్చిన థీమ్ పార్కులో, అక్కడి రిసార్టులోనే గది తీసుకుంది. తీరా బయల్దేరే ముందురోజు టీవీలో తుఫాను అన్నారు. వెళ్లొచ్చా అని ఆమె తండ్రిని అడిగింది. మర్నాడు పొద్దున పెద్దాయన గాజు తట్టాడు, పిడుగు స్టూలెక్కి చదివింది, ఆయన పలక మీద వెయ్యి పది అని రాశాడు. ముల్లు పడలేదు, టీవీ వాళ్లకి మబ్బు పట్టినా తుఫానే, నిశ్చింతగా పదండి అన్నాడు. చిన్నప్పటినించీ టీవీ తప్పడం చూసింది గాని నాన్న తప్పడం ఆమె చూడలేదు. పెట్టె సర్దేసింది.

పిడుగుకి దక్కింది రంగులరాట్నం మీద ఒక్క చుట్టు. గుర్రం దిగుతుండగానే సైరన్ మోగింది. సాయంత్రానికి గాలి అందుకుంది. రాత్రికి దారిలో చెట్లు పడి రోడ్డు మూసేశారు. రెండో రోజు తెల్లారేసరికి రిసార్టులో వందమంది ఇరుక్కుపోయి ఉన్నారు. కిటికీలోంచి చూస్తే జెయింట్ వీల్ తొట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. నీళ్ల జారుడుబల్ల సగం విరిగి కింద కొలనులో పడింది.

పిల్లలకి తోచేలా చేయాలని సిబ్బంది పాపం వాళ్ల తంటాలు వాళ్లు పడ్డారు. భోజనాల హాల్లో పాటలు పెట్టారు. ఎలుగుబంటి వేషం తొడిగిన మనిషి ఒకడు గంటసేపు గంతులేశాడు. ఆట అయ్యాక ఆ ఎలుగు తలకాయ చంకలో పెట్టుకుని నర్సు దగ్గరికి వచ్చి, మీ ఫోనుకి సిగ్నల్ ఉందామ్మా అని అడిగాడు. వాళ్లది రేకుల ఇల్లట, పొద్దున్నుంచి భార్య ఫోను మోగడంలేదట. ఆమె ఫోను ఇచ్చింది. నాలుగుసార్లు కొట్టి, తిరిగి ఇచ్చేసి, మళ్లీ తలకాయ తగిలించుకుని పిల్లల దగ్గరికి వెళ్లాడు.

గదిలో పిడుగుని ఆడించేది తాతయ్యే. కాసేపు కథలు, కాసేపు పొడుపుకథలు. గాలి చప్పుడు విని ఎంత వేగమో చెప్పే ఆట ఒకటి కనిపెట్టాడు. కళ్లు మూసుకుని చేతికిచ్చిన వస్తువేమిటో చెప్పే ఆటలో ఆయన ఒక్కసారీ ఓడలేదు. నర్సు కింది నుంచి పాములూ నిచ్చెనల బోర్డు తెస్తే మాత్రం, నా పావు కూడా నువ్వే జరుపు పిడుగూ, నాకు నడుం వంగదు అన్నాడు. పేకముక్కలు తెస్తే అవి చెడ్డ అలవాటన్నాడు.

మధ్యాహ్నం పక్కగది కిటికీ అద్దం భళ్లున పగిలింది. పిడుగు గుక్కపట్టి ఏడ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే సిగ్నల్ వచ్చి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వార్డు నిండిపోయిందని, ఉన్న నర్సులకి నిన్నటినుంచి నిద్ర లేదని, ఎలాగైనా రమ్మని. ఎలాగ వెళ్లడం? ఫోను పెట్టేసి ఆమె తండ్రి వైపు తిరిగింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆమె నోరు జారింది.

"ఉద్యోగం దిగినరోజే ఆ పలక కూడా దించేయాల్సింది నాన్నా. నీ గొప్ప కోసం నా బిడ్డని తెచ్చి చావు నోట్లో పెట్టావు."

పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మొహం ఆమె వైపు కాక కాస్త పక్కకి ఉంది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "అంకె తప్పు చూశాను."

పక్కన కూర్చున్న పిడుగు ఏడుపు ఆపి తాతయ్య వంక చూసింది. ఏదో అనబోయింది. ఆయన చెయ్యి దాని మోకాలి మీద పడి, మెల్లగా ఒకసారి నొక్కింది. నర్సు అదేమీ గమనించలేదు. కింద మంచినీళ్లు పంచుతున్నారంటే సీసాలు పట్టుకుని విసురుగా వెళ్లిపోయింది.

వరుసలో అరగంట నిలబడింది. అన్న మాట అప్పుడే గుచ్చుకుంటోంది. సీసాలు మోసుకుని మెట్లెక్కి వస్తే వరండాలో తాతామనవరాళ్లు దాగుడుమూతలు ఆడుతున్నారు. పెద్దాయన గోడకి తిరిగి ఇరవై దాకా లెక్కపెట్టి ఇటు తిరిగాడు. పిడుగు ఎక్కడా దాక్కోలేదు. వరండా నడిమధ్య, ఆయనకి నాలుగు బారల దూరంలో, ఊపిరి బిగబట్టి నిలబడింది. వెలుతురు సరిపడా ఉంది. ఆయన దాని వైపే చూస్తూ, "ఎక్కడున్నావే పిడుగూ," అంటూ దాన్ని దాటి వెళ్లిపోయాడు. దాటి వెళ్లాక పిల్ల చిన్నగా దగ్గింది. ఆయన టక్కున వెనక్కి తిరిగి చేతులు చాపి పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వారు.

మెట్ల మీద నర్సు చేతిలో సీసా జారి దొర్లింది.

ఇద్దర్నీ గదిలోకి తీసుకొచ్చి తలుపు మూసింది. తండ్రి ఎదురుగా నిలబడి మూడు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. పిడుగు అప్పటికే తాతయ్య వీపుమీద వాలి మెడచుట్టూ చేతులు వేసింది. మూడు, అన్నాడాయన. రెండు చూపించింది. రెండు, అన్నాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆయన భుజం మీద పిడుగు వేలు కనబడింది. పిల్ల మెల్లగా తడుతోంది, రెండుసార్లు.

"పిడుగూ, నువ్విలా వచ్చి నా పక్కన నిలబడు."

పిల్ల వచ్చింది. ఆమె నాలుగు వేళ్లు ఎత్తింది. పెద్దాయన చెయ్యి ఖాళీ అయిన భుజాన్ని తడిమింది.

"గాలి హోరుకి వినబడలేదమ్మా," అన్నాడు.

"వేళ్లకి చప్పుడుండదు నాన్నా."

అప్పుడు చెప్పాడు. కళ్లకి నీటికాసులట, గ్లాకోమా. ఏడాదిన్నర క్రితం ఒక్కడే వెళ్లి చూపించుకున్నాడట. పోయిన చూపు ఇక రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కలు వేసుకోమన్నారట. మొదట పక్కలు పోయాయి, తర్వాత మధ్యలో కూడా మసక కమ్మింది. ఆ చుక్కల సీసా ఆమె రోజూ అలమరలో చూసేది, ఆయన కళ్లు మంటలంటే అందుకే కాబోలనుకుంది. వార్డులో ప్రతి మందు మీదా పేరు రెండుసార్లు చదివే మనిషి ఇంట్లో ఆ సీసాని ఒక్కసారీ తిప్పి చూడలేదు. దీపం కింద చీకటంటే అదే.

"నాకెందుకు చెప్పలేదు?"

"పొద్దస్తమానం రోగుల్ని చూసి వస్తావు. ఇంటికొస్తే ఇంకో రోగినా?"

మరి పలక మీద అంకె ఎలా రాస్తున్నావని ఆమె అడగనే లేదు, పిడుగు వెక్కడం మొదలుపెట్టింది. ముల్లు ఆ పొద్దున వెయ్యి పది మీద లేదట. వెయ్యికి కిందకి పడి ఉందట. ముల్లు దిగిందంటే ప్రయాణం ఆగిపోతుందని దానికి తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అబద్ధం చదివింది. ఇంత గాలి వస్తుందని తనకి తెలియదని ఏడుస్తూ చెప్పింది.

పెద్దాయనకి ఆ సంగతి రాత్రి గాలి తిరిగినప్పుడే తెలిసిందట. ముల్లు అబద్ధం చెప్పదు, చదివినవాళ్లే చెప్పాలి. అయినా పిల్లని అడగలేదు. ఆ పొద్దున మోకాళ్లు సలుపుతుంటేనే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది, నీకిచ్చిన ఉద్యోగమే తప్పు, అందులో నీ తప్పేముంది అన్నాడు దానితో.

"తాతయ్యకి కనబడ్డంలేదని నీకెప్పట్నించి తెలుసే?" అంది నర్సు.

"ఒకటో తరగతి నుంచి."

"అమ్మతో చెప్పాలని తోచలేదా?"

పిడుగు ముక్కు తుడుచుకుంది. "మీ వార్డులో కళ్లు కనబడని తాతని వాళ్లింట్లో వాళ్లు ఆశ్రమంలో వదిలేశారని చెప్పావుగా. అంతకంటే ఏం చేస్తారు పాపం, వాళ్ల ఉద్యోగాలు వాళ్లకుంటాయి అన్నావుగా."

అన్నది. అన్నం తింటూ, ఫోను చూసుకుంటూ అన్నది. ఆరోజు తండ్రి కూడా పక్కనే కూర్చుని తింటున్నాడు. ఆ తర్వాత ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడో, ఏమన్నా అన్నాడో ఎంత తలుచుకున్నా ఆమెకి గుర్తురాలేదు. చావు నోట్లో పెట్టావు అని ఇందాకే అన్నది కూడా ఈ మనిషినే. ఆమె కింద కూర్చుని ఆయన మోకాళ్లకి తల ఆనించి ఏడ్చింది. ఊరుకో తల్లీ, పిల్ల బెదురుతుంది అంటూ ఆయన తడిమి తడిమి ఆమె తల వెతుక్కున్నాడు.

ఇంకా ఏడుపు తీరకముందే తలుపు కొట్టారు. పైకప్పు ఆగేలా లేదు, అందరూ కింద హాల్లోకి రండి అని కేకేసింది ఎలుగుబంటి వేషం మనిషే. ఇప్పుడు ఒంటిమీద వేషం లేదు. నర్సు వాళ్లావిడ సంగతి అడిగింది. ఇంకా తెలియలేదమ్మా అని పక్క తలుపు కొట్టడానికి వెళ్లిపోయాడు. కరెంటు పోయింది. మెట్లన్నీ మనుషులు, మూటలు, కారుతున్న నీళ్లు.

ముగ్గురూ గదిలోంచి బయటికొచ్చారు. పిడుగు అలవాటుకొద్దీ తాతయ్య ఎడమపక్కకి చేరి ఆయన చెయ్యి అందుకుంది. నర్సు ఆ చిన్న చేతిని విడదీసి, తన చెయ్యి పెట్టింది. పిడుగు బెంగగా ఆమె మొహంలోకి చూసింది.

"తాతయ్యని ఎక్కడికీ పంపను," అంది నర్సు. "ఇకనించి ఇది నా పని."

పిల్ల కాసేపు ఆలోచించి, బరువు దిగినదానిలా ఊపిరి వదిలింది. తర్వాత తల్లి పక్కనే నడుస్తూ, కొత్తగా పనిలో చేరినవాళ్లకి నేర్పినట్టు చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"మెట్టుంటే ఒకసారి నొక్కాలమ్మా. ఆగాలంటే రెండుసార్లు. రోడ్డు మీద లారీ వస్తుంటే మాత్రం నొక్కకు, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాలి. నీకు బలముందిగా, నీకు కష్టం కాదులే."

 నర్సు మొదటి మెట్టు దగ్గర ఆగి తండ్రి చెయ్యి ఒకసారి నొక్కింది. ఆయన కాలు కిందికి చాపి మెట్టు మీద వేశాడు.