ఆలకి ముఖం

ఒక యంత్రం దానయ్య కూతుర్ని అతనికి కాకుండా చేసింది. అందులో వాదించడానికి ఏమీ లేదు. ఇంట్లో నోరు విప్పని పదహారేళ్ల మేదిని, ఆసుపత్రిలో హెడ్‌సెట్ తగిలించుకుంటే గంటసేపు మాట్లాడుతుంది.

2068 నాటికి భీమిలి తీరాన సముద్రం రెండు వీధులు మింగేసింది. పడవలు వాటంతటవే దారి చూసుకుంటున్నాయి. డిప్రెషన్‌తో బాధపడే పిల్లలకు ఆసుపత్రిలో ఊరటగది పెట్టారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే వర్చువల్ రియాలిటీలో ఒక అరుగు కనిపిస్తుంది. దాని మీద, చెప్పింది ఆలకించే యంత్ర రూపం ‘ఆలకి’ కూర్చుని ఉంటుంది. దాని ముఖం, గొంతు పిల్లలే ఎంచుకుంటారు. ఆలకి సలహా ఇవ్వదు. మధ్యలో అడ్డు రాదు. పిల్లలు లేచేదాకా లేవదు.

తల్లి పోయాక మేదిని బడి మానేసింది. అన్నం ముట్టడం మానేసింది. ఆలకి వచ్చాక మళ్లీ తింటోంది.

“ఆ బొమ్మకి మా ఆడదాని మొగం తగిలించారు గదా? సచ్చినా దాన్ని ఒగ్గరా?” అన్నాడు దానయ్య.

ఆలకిని తయారుచేసిన డాక్టర్ వకుళ తటపటాయించింది. “మీ ఆవిడ కాదండీ. మీరే.”

“నేనా?”

“మీ ముఖం, మీ గొంతు. తనే ఎంచుకుంది.”

“అసలోణ్ణి నేనుండగా నకిలీవోడెందుకు? నన్నే కూకోబెట్టండి.”

చికిత్సలో చివరి మెట్టు అదే. యంత్రాన్ని పక్కకు తప్పిస్తారు. అసలు మనిషి పక్క గదిలోంచి మాట్లాడతాడు. కానీ ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

“సెప్తే అది నోరిప్పదు,” అన్నాడు దానయ్య.

ఒప్పుకోకూడదని వకుళకు తెలుసు. అయినా ఒప్పుకుంది. తన యంత్రం మనిషికి ఎంత దగ్గరగా వచ్చిందో ఆమెకూ చూడాలని ఉంది.

మర్నాడు దానయ్య పక్క గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని ఆలకి చోట కూర్చున్నాడు. మేదిని అరుగు మీదికి వచ్చి, ఆలకి పక్కన చేరగిలబడింది.

“నాన్నా, అమ్మ నెత్తళ్ల చేపలు వేయిస్తే వీధంతా వాసనొచ్చేది. గుర్తుందా?”

సముద్రం మీద చేపల వేటకు వెళ్లే రోజు, చనిపోయినవాళ్ల మాట ఎత్తకూడదని దానయ్యకు అతని తండ్రి నేర్పాడు. దానయ్య రోజూ వేటకు వెళ్తాడు.

“ఇప్పుడా ఊసెందుకే? మందేసుకున్నావా?”

మేదిని అతని ముఖంలోకి చూసింది. హెడ్‌సెట్ తీసేసి తలుపు దగ్గరికి నడిచింది.

“మేడమ్, ఇవాళ మెషీన్ పాడైంది,” అని చెప్పింది. “అచ్చం మా నాన్నలాగే మాట్లాడుతోంది.”

గోడ పల్చన. పక్క గదిలో దానయ్యకు ఆ మాట వినిపించింది.

వకుళ లోపలికి వచ్చేసరికి అతను హెడ్‌సెట్ బల్ల మీద పెట్టి నిలబడి ఉన్నాడు.

“తప్పు నాది. ముందే చెప్పాల్సింది,” అంది వకుళ. “ఇంకోసారి ప్రయత్నిద్దామండీ. వినడం నేర్చుకోవచ్చు.”

“మిషను బాగయిందని సెప్పండి దానికి,” అన్నాడు దానయ్య. “రేపట్నుంచి ఆ నకిలీవోణ్ణే కూకోబెట్టండి. అది తిండి తినాల.”

“మరి మీరు?”

“అడక్కండి. ఇయ్యాలకీ కాదు, ఇంకెప్పటికీ ఈ మాట నాకాడ తేకండి. నేను పలకను.”