పడుకున్నవాళ్ల వరస

ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీ లేని గది ఒకటుంది. పట్టపగలైనా లైటు వేస్తేగానీ చెయ్యి కనపడదు. పైన వార్డుల్లో ఎవరు ఏ మంచం మీదున్నా, ఎవరికి ఏ మందు రాసినా, ఆ వివరాలన్నీ ఆ గదిలోని సర్వర్లోకే వచ్చి చేరతాయి. గదిని చల్లగా ఉంచడం నా పని. నేను పెట్టిన చల్లదనం వెంట్రుకవాసి అటూ ఇటూ అయ్యిందని చెప్పినవాడు ఇంతవరకూ లేడు. చదువంటారా, అక్షరాలు కూడబలుక్కుంటాను. దానికి నాకేం సిగ్గు లేదు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడకి ఆపరేషన్. బయట బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. వార్డుకి తేగానే ఫోన్ చెయ్యమని నర్సమ్మాయికి చెప్పి కిందికొచ్చాను. వచ్చేసరికి నా కుర్చీలో మా బావమరిది. సర్వర్ చూసేది వాడే. మా అమ్మాయి పెళ్లిలో నలుగురి ముందు "మా బావకి సంతకమే పెద్ద చదువు" అన్నాడు. నేను కట్టెల్లో కాలేదాకా అది మర్చిపోను.

"అక్కడ మీ అక్కకి కడుపు కోస్తుంటే ఇక్కడ నీకు నా కుర్చీ కావాల్సొచ్చిందా?"

"పైన కంప్యూటర్లన్నీ నత్తల్లా నడుస్తున్నాయి బావా. అక్క మందులు కూడా ఇందులోంచే వెళ్లాలి. కాస్త అరవకుండా నిలబడు."

తెర మీద వరసలు చూపించాడు. వార్డులో ఎవరైనా కంప్యూటర్ తెరిస్తే ఇక్కడ ఒక వరస పుడుతుందట. పనయ్యాక మూసెయ్యకపోతే ఆ వరస చోటు పట్టుకుని ఊరికే పడుంటుంది. దాని పక్కన స్లీప్ అని వస్తుంది. పడుకుని ఎంతసేపైందో సెకన్లు కదులుతుంటాయి.

"గడువు తగ్గించేశా. ఇకమీదట వచ్చినవాళ్లు ఐదు నిమిషాలు పడుకుంటే సర్వరే తీసేస్తుంది. ముందునుంచీ పడుకున్నవాళ్లని మాత్రం నా చేత్తో చంపాలి."

"ఏంట్రా ఆ మాట?"

"మా పనిలో అంతే అంటాం."

"పైన మనుషులు నిజంగానే పడుకుని ఉన్నారు. అనకు."

"అయితే ఏం చెయ్యను, జోల పాడనా?"

వాడి వేళ్లు టకటకలాడాయి. వరసలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఫ్యాన్ల హోరు సన్నబడింది. అప్పుడొచ్చింది వాసన. తడి దూది, స్పిరిట్, వాటి కింద ఇంకేదో తియ్యగా. వార్డు వాసన ఈ గదిలోకి రాదు. సందులన్నీ నేనే మూశాను.

ఫోన్ మోగింది. నర్సమ్మాయి.

"పెద్దాయనా..." గొంతు గుసగుసలా ఉంది. "ఇక్కడ నిద్రపోతున్నవాళ్లంతా... ఒక్కసారే లేచి కూర్చున్నారు. మత్తులో ఉన్నవాళ్లు కూడా. పిలిస్తే పలకట్లేదు. ఎవరూ రెప్ప వెయ్యట్లేదు."

"మా ఆవిడ?"

"ఇప్పుడే తెచ్చి పడుకోబెట్టాం. ఆవిడొక్కరే నిద్రపోతున్నారు."

తెర అడుగున కొత్త వరస కనపడింది. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పే చోట ఖాళీ. పేరు చోట ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కున్నాను. సి... హెచ్... ఐ...

చిట్టి.

మా ఆవిడని అలా పిలిచేది లోకంలో నేనొక్కణ్ణే. పక్కన స్లీప్. సెకన్లు కదులుతున్నాయి.

"నువ్వు రాశావా?"

"ఒట్టు బావా. నేను కాదు."

"గడువు పెంచు. ముందు గడువు పెంచరా!"

పెంచాడు. మళ్లీ చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పెంచింది కొత్తగా వచ్చేవాళ్లకే బావా... వచ్చేసినవాళ్లకి వచ్చినప్పటి గడువే."

"మొత్తం ఆపేయ్."

"ఆపితే అన్ని వరసలూ పోతాయి. అక్కదీ పోతుంది. తనంతట తను ఏదైనా అడిగితే... అప్పుడు మాత్రమే లెక్క మళ్లీ మొదటికొస్తుంది."

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. నర్సమ్మాయిని తన ఫోన్ మా ఆవిడ చెవి దగ్గర పెట్టమన్నాను.

"చిట్టీ. ఏదైనా అడగవే. ఎక్కడ చచ్చావని అడుగు. తిట్టు. ఏదో ఒకటి..."

ఊపిరి వినిపించింది. అంతే. లోపలికి... బయటికి... లోపలికి... పక్కన మా బావమరిది "అక్కా, అక్కా" అని తెరని పట్టుకుని గొణుగుతున్నాడు. నాకు నొక్కడానికి మీట లేదు. బిగించడానికి మర లేదు. నిలబడి చూశాను.

వరస పోయింది.

"ఆవిడ లేచారు!" అంది నర్సమ్మాయి. ఏడుస్తోంది. "పెద్దాయనా, మాట్లాడుతున్నారు. మిమ్మల్నే అడుగుతున్నారు."

మిగతావాళ్లు కూడా సాయంత్రానికి రెప్పలు వేశారు. మత్తుమందులో తేడా అన్నారు డాక్టర్లు. నేనూ సరేనన్నాను. చిట్టిని ఇంటికి తెచ్చుకున్నాను.

బాగానే ఉంది. వండుతుంది, నా మీద విసుక్కుంటుంది. పడుకోదు. నిద్ర రావట్లేదంటుంది. నేను మంచమెక్కాక కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చుంటుంది. తెల్లారి నేను కళ్లు తెరిచేసరికి అలాగే ఉంటుంది.

కానీ నా పక్కన దాని తలగడ మీద తల పెట్టినంత గుంట ఉంటుంది. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

నిన్న ఉండబట్టలేక గట్టిగానే అడిగాను, "ఎవరే ఇక్కడ పడుకుంది?"

పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా..." అంది. "అది ఇప్పుడే పడుకుంది."