ఆమెన్ అనేలోపు

ఏజెంట్ చైతు ఫరీదాబాద్‌లో కచోరీ తింటూ పోయాడు. మొదటి ముక్క గొంతులో ఉంది, రెండో ముక్క చేతిలో ఉంది, మనిషి మాత్రం లేడు.

"విషం ఏడు నిమిషాల్లో పని ముగిస్తుంది. రంగు లేదు, రుచి లేదు, జాలి అసలే లేదు," అంది సెక్షన్ చీఫ్ అన్నపూర్ణేశ్వరి. పేరుకి అన్నపూర్ణ. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఎవరికైనా పెట్టిందంటే చీవాట్లే. "ఈసారి టార్గెట్ అంద్రెయ గారు. రాడార్ ఇంజనీర్, బాపట్ల మనిషి, చర్చి పెద్ద. రేపు పదకొండున్నరకి హైదరాబాద్ ఫ్లైట్‌లో ఢిల్లీ దిగుతారు, రెండింటికి మీటింగ్. రాడార్ కోడ్ ఆయన బుర్రలోనే ఉంది. బుర్ర పోతే రాడార్ గుడ్డిది."

"చంపేదెవరు మేడమ్?" అన్నాడు ఏజెంట్ నిరంజన్.

ఫోటో బల్ల మీద పడింది. నిరంజన్ దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. అబిగెయిల్! మాజీ నర్సు, భీమవరం పాస్టర్ గారి కూతురు, డిపార్ట్‌మెంట్ మొత్తానికి అందమైన ఏజెంట్. అతనితో ఎప్పుడూ ఫోన్లో మాట్లాడిందే తప్ప ఎదురుపడలేదు.

"మన మనిషే కదా!"

"మన మనిషీ, వాళ్ల మనిషీ. నీకు డబుల్ డ్యూటీ వేస్తే ఏడుస్తావు, ఆ పిల్ల నవ్వుతూ చేస్తోంది."

"లోపలేద్దాం."

"వేస్తే నోరు మూస్తుంది. నాకు ఆమెని నడిపించే విదేశీ ముఠా నాయకుడి పేరు కావాలి. ముసలాయన బతకాలి, పేరు రావాలి, గొడవ కాకూడదు. ఇదిగో ల్యాబ్ రిపోర్టు. చైతుని చంపినవాడు పారేసి పోయిన సంచీలో, ముఠా తన మనుషులందరికీ ఇచ్చే విరుగుడు మాత్ర దొరికింది."

రిపోర్టులో ఒక్కటే లైను. నిరంజన్ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. చైతుకి తుపాకీ పట్టడం నేర్పింది అతనే.

మర్నాడు మధ్యాహ్నం, ఎయిర్‌పోర్ట్ పక్కన 'అమీగో అడ్డా' అనే మెక్సికన్ హోటల్. పొద్దున మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కినప్పుడు నున్నగా ఉన్న నిరంజన్ మూతికి ఇప్పుడు తేలు తోకల్లాంటి మీసాలు. నెత్తిన గొడుగంత టోపీ, టోపీలో ఇయర్‌పీస్, కాలర్ బొత్తంలో కెమెరా, చేతిలో నీళ్ల జగ్గు.

అబిగెయిల్ వచ్చింది. ఢిల్లీ తెలుగు సంఘం తరఫున అతిథిని తీసుకెళ్లడానికి వచ్చానని చెప్పి, అంద్రెయ గారిని నేరుగా ఇక్కడికే తెచ్చింది. ఆయన సూట్‌కేస్ ఆమె చేతిలో ఉంది. ఆయన ప్రాణం ఆమె ఉంగరంలో ఉంది.

"ఏంటమ్మా ఇవి? టాకో, బురీటో, హలపీనో... తినేవా, తిట్లా?"

"మెక్సికన్ అంకుల్. మీకు నచ్చుతాయి."

"అన్నం దొరుకుతుందా?"

"బురీటో బౌల్ హై సర్ జీ," అన్నాడు నిరంజన్. "చావల్, రాజ్మా, మిర్చీ, పైన పుల్లటి క్రీమ్."

"అంటే మీ రాజ్మా చావలే కదయ్యా, టోపీ పెట్టుకుని వచ్చింది!"

"రెండు తీసుకురా భయ్యా," అంది అబిగెయిల్.

టాకో చూపించి టపా కట్టించడం, బురీటోతో బురిడీ కొట్టించడం, హలపీనో చల్లి పీనుగని చెయ్యడం. హత్య మొత్తం మెనూ కార్డులోనే ఉందనుకున్నాడు నిరంజన్.

బౌల్స్ వచ్చాయి. అంద్రెయ గారు చేతులు జోడించి తల వంచారు. ప్రార్థన మొదలైంది. విమానానికి స్తోత్రం, పైలట్‌కి స్తోత్రం, సీటు బెల్టుకి స్తోత్రం. టాక్సీ దగ్గరికి వచ్చేసరికి అబిగెయిల్ కళ్ళు తెరుచుకున్నాయి. ఉంగరం మూత లేచింది. చిటికెడు పొడి ఆయన బౌల్‌లో పడింది. మూత పడింది.

నిరంజన్ జగ్గు బల్ల మీద పెట్టాడు. విషం పడిందనడానికి అదే కోడ్. టోపీలోంచి అన్నపూర్ణేశ్వరి, "చల్లిందా? ఇంకేం చూస్తున్నావ్?" అంది.

"...అడిగి వేడుకొంటున్నాము తండ్రీ. ఆగమ్మా, ఆమెన్ అనకు. పాస్టర్ గారి బిడ్డవి, నువ్వూ ఒక మాట ప్రార్థించు."

"నేనా అంకుల్? చల్లారిపోతుందేమో..."

"చల్లారనీ. పెద్దవాణ్ణి అడుగుతున్నాను."

పాస్టర్ గారి ఇంట్లో పెరిగిన పిల్ల, ప్రార్థించమని సంఘ పెద్ద అడిగితే కాదనలేదు. తండ్రి ప్రార్థించేటప్పుడు ఎన్ని దొంగచూపులు చూసినా, తన నోటితో ప్రార్థించేటప్పుడు రెప్ప తెరవడం ఆమెకి చేతకాదు. తెరిస్తే చిన్నప్పుడు బెల్టు పడేది, అన్నం ఉండేది కాదు. ఆరు పాస్‌పోర్టులు మార్చింది, ఈ ఒక్క అలవాటు మార్చుకోలేకపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

నిరంజన్ రెండు చేతులూ కత్తెరలా తిరిగాయి. ఆ బౌల్ ఇటు, ఈ బౌల్ అటు. చప్పుడు లేదు.

అప్పుడు చూశాడు. అంద్రెయ గారి కళ్ళు బార్లా తెరిచి ఉన్నాయి! పొడి పడ్డం చూసినట్టున్నాడు, కానీ ఇంతలో సూట్‌కేస్ జిప్పు సర్దుతూ అటు తిరిగి, వెయిటర్ చేసిన పని చూడలేదు. ఇప్పుడు ఆయనే చెయ్యి చాచి బౌల్స్ మార్చబోతున్నాడు. మారిస్తే విషం మళ్ళీ ఆయన ముందుకే!

"...మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున..." అంటోంది అబిగెయిల్.

ఆయన వేళ్ళు బౌల్‌కి తగిలాయి. నిరంజన్ ఆయన మణికట్టు పట్టేశాడు. 'అయిపోయింది,' అన్నాడు పెదాలతో మాత్రమే. ముసలాయన బౌల్ వంక చూశాడు, మీసం వంక చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆమెన్," అన్నారు ముగ్గురూ. అందరికంటే గట్టిగా నిరంజన్ అన్నాడు.

అబిగెయిల్ ఆకలిగా తింది. నాలుగో నిమిషంలో పెదాలు తిమ్మిరెక్కాయి. నర్సు కదా, ఏ తిమ్మిరో వెంటనే తెలిసింది. విరుగుడు మాత్ర ఉన్న హ్యాండ్‌బ్యాగ్ కోసం తడిమింది. అది వెయిటర్ చేతిలో ఉంది. అతను ఇంకేమైనా కావాలా అని అడిగేవాడిలా వంగాడు.

"పేరు చెప్పు. బ్యాగు ఇస్తా."

ఫోన్లో విన్న గొంతు. "నిరంజన్?"

"మూడు నిమిషాలున్నాయి."

"ఒట్టు?"

"ఒట్టు."

"కెల్విన్. జియా సరాయ్‌లో స్పానిష్ కోచింగ్ నడుపుతాడు. మందుల షాపు పైన, రెండో అంతస్తు."

"టీమ్ బయల్దేరింది," అంది టోపీ.

నిరంజన్ బ్యాగు ఇచ్చాడు. ఆమె మాత్ర కొరికింది, కళ్ళు తుడుచుకుంది, నవ్వింది కూడా. అతను జేబులోంచి రిపోర్టు తీసి ఆమె ముందు పరిచాడు. ఒక్కటే లైను: మాత్రలో ఉన్నది ఉత్త గ్లూకోజ్.

"నీకు ముందే తెలుసా?"

"బ్యాగు ఇస్తానన్నాను. ప్రాణం ఇస్తానన్లేదు."

నవ్వు సగంలోనే ఉండిపోయింది. ఏడో నిమిషంలో ఆ అందమైన మొహం మెల్లగా క్రీమ్‌లోకి ఒరిగింది. పక్క బల్ల మీది అమ్మాయి చూసి చెయ్యెత్తింది: "భయ్యా, హమారా లెస్ స్పైసీ కర్నా!"

అంద్రెయ గారు తన బౌల్‌లో ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి తుడుచుకున్నారు.

"ప్రార్థనలో కళ్ళు తెరిచారేంటి అంకుల్?" అన్నాడు నిరంజన్, మీసం ఊడదీస్తూ.

"ముప్ఫై ఏళ్లు చర్చిలో కానుకల పళ్లెం పట్టినవాణ్ణి బాబూ. కళ్ళు మూసుకుంటానా?" ఆయన సూట్‌కేస్ అందుకుని లేచాడు. "పద, రెండింటికి మీటింగు. ఆ అమ్మాయి బౌల్ మాత్రం ఎవరికీ పార్సిల్ కట్టకు."