ఎర్రదారం గ్లాసు

తెల్లవారగానే సన్యాసమ్మ గిన్నెలు తోమడానికి కూర్చుంది. కొడుకు పెదబాబువీ, రెండేళ్ల మనవరాలివీ ఒక పక్క. కోడలు చిన్నతల్లి కంచం, గ్లాసు మాత్రం దూరంగా జామచెట్టు కింద. గ్లాసు కలిసిపోకుండా దానికి ఎర్రదారం కట్టింది సన్యాసమ్మే.

కోడలికి దగ్గులో ఇటుకరంగు తెమడ పడుతోంది. మొదట చూసిన వైద్యుడు టీబీ అన్నాడు. నెలల తరబడి సూదులు పొడిచినా తగ్గలేదు. పిల్లను తల్లి దగ్గరకు పోనివ్వడం మానేశారు. అది గుమ్మం దగ్గర నిలబడి ఏడిస్తే చిన్నతల్లి లోపల గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి కోడల్ని వడ్డాదిలోని పుట్టింటికి పంపాలనీ, పిల్ల ఇక్కడే ఉండాలనీ సన్యాసమ్మ తేల్చేసింది. ఆ సాయంత్రానికే బండి.

సన్యాసమ్మ మాటంటే వీధిలో గౌరవం. మనవరాలు పుడితే నీసు ముట్టనని సింహాచలం అప్పన్నకు మొక్కుకుని, పిల్ల పుట్టిన నాటి నుంచి మానేసింది. తను మానేసి ఊరుకోలేదు, ఇంటిల్లిపాదిచేతా మానిపించింది. పెదబాబు ఓసారి మోజుపడి చేపలు తెస్తే సంచితో సహా వీధిలోకి విసిరేసింది. ఆ ముచ్చట అమ్మలక్కలకు ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

ఈ మధ్య ఆవిడకూ దగ్గు పట్టుకుంది. ఎవరైనా అడిగితే పొయ్యి పొగ అనేది. పెరట్లోకి పోయి దగ్గి వచ్చేది.

బండెక్కే ముందు ఒక్కసారి కొత్త డాక్టరుకి చూపిద్దామని పెదబాబు పట్టుబట్టాడు. ఆ డాక్టరు అనంతపద్మనాభం గారు మిలటరీలో మణిపూర్ కొండల్లో పనిచేసి, బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక చోడవరంలో ఆసుపత్రి పెట్టుకున్నారు. పిల్లను చంకనేసుకుని సన్యాసమ్మ కూడా వెళ్లింది. ఆయన ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశారు. మందుల సంగతి వదిలేసి తిండి సంగతి ఎత్తారు.

"గెడ్డల్లో, వాగుల్లో దొరికే పీతలు తింటావా అమ్మా?"

చిన్నతల్లి అత్తవైపు చూసి, అంతలోనే చూపు దించుకుంది. "మా ఇంట నీసు నేదు బాబూ. మా అత్త మొక్కుంది."

పచ్చి పీతలు తింటే ఊపిరితిత్తుల్లో ఓ రకం పురుగు చేరుతుందనీ, ఆ దగ్గూ అచ్చం ఇలాగే ఉంటుందనీ, తినలేదంటే ఇక టీబీ కిందే లెక్కనీ చెప్పి ఆయన మందుచీటీ మీదికి వంగారు.

సన్యాసమ్మ చంకలోని పిల్లను ఇంకో పక్కకు మార్చుకుంది. కిందటి పుష్యమాసంలో బెల్లం వండేటప్పుడు, మగవాళ్లు చెరకు తేవడానికి వెళ్లినప్పుడల్లా, గెడ్డలో పట్టిన పీతల్ని పొయ్యి నిప్పుల్లోకి తోసింది తనే. వాళ్లొచ్చేస్తారన్న కంగారులో కాలీ కాలకుండానే లాగేసి, అత్తాకోడళ్లిద్దరూ గట్టుచాటున కూర్చుని పీల్చేసేవారు. ఎవరికీ చెప్పనని కోడలి చేత పిల్ల నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నదీ తనే. ఆ ఒట్టు తప్పితే పిల్లకేమవుతుందోనని, ఈ పిచ్చిది పిల్లనే వదిలి పోతోంది.

"తిన్నాది బాబూ," అంది సన్యాసమ్మ. "నానే తినిపించేను. నానూ తిన్నాను. ఒకటీ రెండూ కాదు, గంపెడు. ఒసే సిన్నతల్లీ, ఆ ఒట్టు తీసి గట్టునెట్టీసేనే."

గదిలో ముందుగా తేరుకున్నది పెదబాబు. "అయితే నా సేపలేటి పాపం సేసేయమ్మా?"

"నువ్వూరుకోరా. సేపలు వాసనేస్తాయి. పీత డొప్పలు బూడిదలో పూడ్సిపెడితే ఎవులికీ తెలదు."

డాక్టరు గారు నవ్వు ఆపుకుంటూ ఇద్దరికీ చెరో సీసా ఇచ్చి తెమడ పట్టి తెమ్మన్నారు. మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, రెండింటిలోనూ పురుగు గుడ్లు ఉన్నాయన్నారు. ఇది టీబీ కాదనీ, కంచం వల్లా గ్లాసు వల్లా అంటుకోదనీ, మందు విశాఖపట్నం నుంచి తెప్పిస్తాననీ చెప్పారు.

"పిల్లని ఎత్తుకోవచ్చా బాబూ?" అని చిన్నతల్లి మెల్లగా అడిగింది.

"ఎత్తుకో. పీతలు మాత్రం పెట్టకు."

సన్యాసమ్మ చంకలోని పిల్లను కోడలి ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల తల్లి ముఖాన్ని కాసేపు కొత్తగా చూసి, మెడను గట్టిగా కరుచుకుంది. సరిగ్గా అప్పుడే ముసలామెకు దగ్గు తెర ముంచుకొచ్చింది. ఈసారి చాటుకు పోలేదు. అందరి ముందే దగ్గి, పుట్టింటికని సర్దిన కోడలి సంచిలోంచి ఎర్రదారం గ్లాసు తీసి, కూజాలో నీళ్లు వంపుకుని గటగటా తాగింది.

"అత్తా, అది నాది."

"దారం కట్టినదాన్ని, నాకు తెలదేటి?" సన్యాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అప్పన్న సామికి ఏటి సెప్పుకోవాలో అది ఆలోసించు. నువ్వూ కొండకి రావాల."

"నానెందుకత్తా? మొక్కు నీది గదా."

"పీతల్లో సగం నువ్వే తిన్నావు గదే."