ఒకే నాడె

పొద్దున్నే అంబాదాస్ తన గ్లాసు తానే కడుక్కొని, ఎవరి చేతికీ అందకుండా కిటికీ పైన పెట్టుకున్నాడు. కంచం కూడా అక్కడే. కొన్నాళ్లుగా ఇదే వరస.

ఆసుపత్రిలో క్షయ అని చెప్పినప్పటి నుంచి, సోలాపూర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అతనికి ఊపిరి వదలాలంటేనే భయంగా ఉంది. మాత్రలు చాటుగా మింగుతున్నాడు. సంగతి బయటపడితే సేటు కార్ఖానాలో కాలు పెట్టనివ్వడు. అంతకంటే పెద్ద భయం, ఇంట్లో ఇంకెవరికైనా అంటుకుంటుందేమోనని. అందుకే పడక బయట అరుగు మీద, తిండి దూరంగా. మనవరాలు ముక్త చేతులు చాస్తే ముఖం తిప్పుకుంటాడు.

రాత్రి షిఫ్టు దిగి కొడుకు విఠల్ ఇంటికొచ్చాడు. తండ్రి పగలు నడిపే మరమగ్గాలనే అతను రాత్రి నడుపుతాడు. జుట్టు నిండా అక్కడ నేసే తువ్వాళ్ల నూగు. వస్తూనే దగ్గాడు.

అంబాదాస్ చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఏందిరా ఆ దగ్గు?"

"నూగు నాయినా. కార్ఖానల మనకు పూలు చల్లుతరా?"

ఇంతలో ముక్త పాకుతూ వచ్చి తాత మోకాలు పట్టుకొని లేవబోయింది. అతను చటుక్కున కాలు లాక్కున్నాడు. పిల్ల వెల్లకిలా పడి ఏడుపందుకుంది.

కోడలు వనిత పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. విఠల్ ప్రేమించి తెచ్చుకున్న మరాఠీ పిల్ల. తెలుగు ఈ ఇంట్లోనే నేర్చింది, పోట్లాట కూడా.

"మామా, ఇయ్యాల తేల్చుండ్రి. నేను ముట్టిన గ్లాసుల తాగరు, నా పిల్లను ముట్టరు. మీ కులం కోడలైతే ఇట్లనే చేద్దురా?"

"గది కాదు బిడ్డా."

"మరేంది? మా పెళ్లిల అక్షింతలు ఏసిన చేతులే కద ఇవి. ఇప్పుడేమైంది వాటికి?"

భార్య అంబుబాయి కూడా అందుకుంది. "నేనూ అడుగుతున్న. గీ వయసుల మడి కడుతున్నవా, పంతులు లెక్క?"

వనిత పిల్లను ఎత్తుకొని భర్త వైపు తిరిగింది. "బట్టలు సర్దుతున్న. వేరే ఇల్లు చూడు."

"నాకు టీబీ వచ్చింది," అన్నాడు అంబాదాస్.

వనిత వెనక్కి తిరిగి కిటికీ పైనున్న గ్లాసు వైపు చూసింది.

"మీకు అంటొద్దనే గిట్ల చేసిన. కంచం, గ్లాసు, పక్క, అన్నీ ఏరే పెట్టుకున్న. ఏదీ మరవలే."

విఠల్ చేయి మెల్లగా తన పెదవుల మీదికి వెళ్లింది. "నాయినా, మరి నాడె?"

మగ్గంలో పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో దారపు కండె అయిపోయిన ప్రతిసారీ కొత్తది పెట్టి, నాడె కన్నానికి నోరానించి దారాన్ని బయటికి పీల్చాలి. పగలంతా తండ్రి పీల్చిన నాడెనే రాత్రంతా కొడుకు పీలుస్తాడు. అది తిండి కాదు, తాగడం కాదు, పని. కుర్రతనం నుంచీ చేస్తున్న ఆ పని అంబాదాస్‌కు ఎంగిలిగా ఎన్నడూ తోచలేదు.

అంబాదాస్ అన్నాడు: "నా చేతులతోనే రోగం పెట్టిన్రా నీ నోట్లె."

ఆ పూటే విఠల్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. కఫం ఇచ్చాడు, ఎక్స్‌రే తీశారు. మరునాడు రిపోర్టు కోసం వరండాలో కూర్చున్నారు. కొడుకు దగ్గినప్పుడల్లా అంబాదాస్ కళ్లు మూసుకుంటున్నాడు. వనిత వచ్చి పక్కనే కూర్చుంది.

"ముందే చెప్తే నేను అన్ని మాటలు అనకపోదును కద మామా."

"నువ్వు అన్నవు కాబట్టే చెప్పిన బిడ్డా. లేకుంటే ఇంకా దాస్తనే ఉందును."

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. విఠల్‌కు జబ్బు లేదు. దగ్గు నూగు వల్లే. అంబాదాస్ రెండు చేతులతో ముఖం కప్పుకొని, భుజాలు అదిరేలా ఏడ్చాడు.

విఠల్ అతన్ని కాసేపు ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు: "పాండుకు చెప్పాలె నాయినా. మల్లేశం కాకకు కూడా. నువ్వు పోని దినాలు నీ సాంచలు నడిపి, గా నాడెనే పీల్చింది ఆళ్లే."

"సేటు తీసేస్తడురా."

"తీసేస్తే ఇద్దరం కలిసే బయటికొద్దాం. నడువు."

కార్ఖానాలో మగ్గాల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అంబాదాస్ నేరుగా గోడ దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. మోత ఆగిపోయింది. లోపలి గదిలోంచి సేటు కేక వేశాడు. ఆ మూల పాండు కొత్త కండె పెట్టుకొని, నాడెను పెదవుల దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

"దించు పాండూ," అన్నాడు అంబాదాస్. "అందరూ ఇటు రాండ్రి. ఒక మాట చెప్పాలె."